గౌరవ కుళ్ళు సలహాదారు

లంకమెట్టలో ఎవరినడిగినా తప్పంతా సోమలింగం మాస్టారిదే అంటారు. ఆ మాటకి ఆయన నొచ్చుకోరు. అడక్కపోయినా తనూ అదే చెబుతారు. పెంటని చూసి ముక్కు మూసుకున్నవాళ్ళు ఊళ్ళో బోలెడుమంది ఉన్నారు గానీ, భూతద్దం పట్టుకుని దాని దగ్గరికి నడిచి వెళ్ళిన మనిషిని నేనొక్కణ్ణే అని, అక్కడితో ఆగినా బాగుండేదని చెప్పి నవ్వుతారు.

ఆయన లంకమెట్ట డిగ్రీ కాలేజీలో ముప్పై ఒక్క ఏళ్ళు జువాలజీ చెప్పి రిటైరయ్యారు. కాలవ గట్టున ఇల్లు కట్టుకున్నారు. కట్టేటప్పుడు ఆయన భార్య సత్యవేణి కోరింది ఒక్కటే. పొయ్యి దగ్గర నిలబడితే కాలవ కనిపించాలి. పడవలు పోకపోయినా ఫర్వాలేదు, నీళ్ళు కదులుతూ ఉంటే చాలంది. మాస్టారు వంటింటికి నిలువెత్తు కిటికీ పెట్టించారు. గృహప్రవేశమైన ఏడాదికల్లా మున్సిపాలిటీ వారు ఆ కిటికీకీ కాలవకీ మధ్యనున్న ఖాళీ జాగాలో ఊరి చెత్త పోయడం మొదలుపెట్టారు. తాత్కాలికంగానే అన్నారు. అది పదకొండేళ్ళ కిందటి మాట. ఆ కిటికీ మూసిందీ అప్పుడే.

మూసిన వంటింట్లో ఎండుమిరపకాయల పోపు వేస్తే ఆ ఘాటు పోవడానికి దారేది? సత్యవేణి పోపు వేసిందంటే ఆవిడ దగ్గు వీధి చివరి ఇంటికి వినిపించేది. గాలి ఆడేచోట వండుకోమని డాక్టరు రాసిచ్చాడు కూడా. ఆవిడ గొడవపడే మనిషి కాదు. దగ్గు ఆగాక కళ్ళు తుడుచుకుని కిటికీ వైపు ఓసారి చూసేది. ఆ చూపు తగిలినప్పుడల్లా మాస్టారు వెళ్ళి మున్సిపాలిటీకి ఒక అర్జీ రాసేవారు.

అలా నలభై మూడు అర్జీలు రాశారు. మామూలు మనిషైతే కంపు భరించలేకున్నాం, తీయించండి అని రాస్తాడు. మాస్టారు ఈగ జీవితచక్రం రాసి, బొమ్మ గీసి, భాగాలు గుర్తించేవారు. చదరపు అడుగుకి ఎన్ని ఈగలు వాలుతున్నాయో పట్టిక కట్టేవారు. శానిటరీ ఇన్‌స్పెక్టర్ ధనరాజు మంచివాడు. ఓ రోజు బజార్లో ఎదురుపడి, మీ అర్జీలు మా పెద్దమ్మాయి సైన్సు రికార్డుకి భలే పనికొచ్చాయండి, టీచరు గారు మెచ్చుకున్నారని చెప్పి దణ్ణం పెట్టాడు. మాస్టారికి కోపం రావలసింది. కానీ బొమ్మలు నచ్చాయన్నందుకు లోలోపల సంతోషమే వేసింది. ఆయనలోని జబ్బు అదే, దాని సంగతి ముందుముందు తెలుస్తుంది.

ఈలోగా మూసిన కిటికీకి లోపల తొట్టి నీళ్ళు చింది, బయట వాన తడిసి, అడుగు చెక్క మెత్తబడింది. వేలు పెడితే దిగబడేది. వడ్రంగి వచ్చి చూసి మార్చాలన్నాడు. తెరవని కిటికీకి రిపేరెందుకయ్యా అన్నారు మాస్టారు. ఈ చెక్కని మీరు గుర్తుపెట్టుకోండి, మాస్టారు మర్చిపోయారు.

నలభై మూడో అర్జీ పనిచేసింది. ఎందుకు పనిచేసిందో ఎవరికీ తెలీదు. కుప్ప మొత్తం ఊరి బయటికి తరలిస్తున్నామని, సోమవారం పొద్దున పొక్లెయిన్ వస్తుందని ధనరాజు స్వయంగా ఇంటికొచ్చి చెప్పాడు. సత్యవేణి అతనికి కాఫీతోపాటు జంతికలు కూడా పెట్టింది. అతను వెళ్ళాక పెట్టె అడుగునుంచి ఒక కొత్త తెర తీసింది. నీలం పూల తెర. పదకొండేళ్ళ కిందట ఆ కిటికీ కోసం కుట్టించి, ఒక్కరోజు కూడా కట్టకుండా దాచిపెట్టింది. దాన్ని ఉతికి ఆరేసింది.

శనివారం పోస్టులో ఒక కవరొచ్చింది. అందులోదీ పెంట సంగతే, కాకపోతే ఇంగ్లీషులో ఉంది.

ఏడాదిన్నర కిందట, నలభై ఒకటో అర్జీకి ఈగల లెక్క కోసం కుప్ప మీద వంగినప్పుడు, మాస్టారికి కుళ్ళిన అరటి బోదె కింద ఒక పురుగు కనిపించింది. నువ్వుగింజలో సగం ఉంటుంది. నల్లటి వీపు, రెండు మీసాలు. భూతద్దం కింద చూస్తే రెక్కల అంచున ఈకలాగా సన్నటి నూగు. ముప్పై ఒక్క ఏళ్ళు కప్పని కోసి చూపించడం తప్ప ఆయన కనిపెట్టినది లేదు. ఎక్కడో ఒక పుస్తకంలో ఒక మూల తన పేరుండాలని మాత్రం గట్టి ఆశ ఉండేది. అలాంటివి నాలుగు ఏరి సీసాలో పెట్టి దూరాన ఉన్న మ్యూజియంలోని ఒక పండితుడికి పంపి, ఆ సంగతి మర్చిపోయారు.

ఆ పండితుడు ఇప్పుడు రాశాడు. ఈ పురుగు ఇంతవరకూ ఎవరూ చూడనిదట. కుళ్ళిన పదార్థంలో తప్ప బతకదట. కనిపెట్టినవారి గౌరవార్థం దానికి మాస్టారి పేరే పెట్టారట. లాటిన్‌లో రెండు మాటల పేరు, రెండో మాట సోమలింగమి. మాస్టారు ఆ రెండో మాటని పదిసార్లు చదువుకున్నారు. మొదటిది ఇవాళ్టికీ ఆయనకి సరిగ్గా పలకదు.

అప్పుడు నోరు మూసుకుని ఉత్తరం మడిచి బీరువాలో పెట్టుకుంటే కథే లేదు. సోమవారం కుప్ప పోయేది, తెర కట్టేవారు. మాస్టారు ఏం చేశారంటే, విలేకరికి తనే ఫోను చేశారు. ఫోటోకి చొక్కా కూడా మార్చుకున్నారు. చివర్లో విలేకరి, ఈ పురుగు ఇంకెక్కడైనా ఉంటుందాండీ అనడిగితే, ప్రపంచం మొత్తం మీద మా ఇంటి వెనకే అని గొంతు సవరించుకుని మరీ చెప్పారు.

ఆదివారం పేపర్లో పడింది. సోమవారం పొద్దున పొక్లెయిన్ వచ్చి చెయ్యి పైకెత్తింది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండగా ఒక జీపు వచ్చి దాని ముందు అడ్డంగా ఆగింది.

జీపులోంచి దిగినావిడ పేరు కల్పలత. చిన్న ప్రాణుల సంరక్షణ మండలికి జిల్లా అధికారిణి. మూడేళ్ళుగా ఆవిడ ఆఫీసులో కుర్చీ ఉంది, జీపు ఉంది, ఫైళ్ళకి ఎర్ర దారం ఉంది, సంరక్షించడానికి ప్రాణి మాత్రం లేదు. పేపరు చూడగానే ఆవిడకి నెత్తిన పాలు పోసినట్టయింది. మాస్టారికి వంగి నమస్కారం చేసి, కుప్ప చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, కర్చీఫు ముక్కుకి అడ్డం పెట్టుకునే ప్రసంగించింది. మాస్టారు నసుగుతూ, మా ఆవిడ కిటికీ తెరుద్దామనుకుంటోందండీ అన్నారు.

"ఈ కుళ్ళు ఇక మీ వ్యక్తిగతం కాదు మాస్టారూ. ఇది జాతి సంపద" అంది కల్పలత.

పొక్లెయిన్ వెనక్కి పోయింది. సాయంత్రానికి కుప్ప చుట్టూ ముళ్ళకంచె వచ్చింది. మర్నాడు పచ్చ రంగు బోర్డు వచ్చింది. దాని మీద తెల్లటి అక్షరాలతో ఇలా రాశారు:

"ఇందుమూలముగా సమస్త ప్రజానీకమునకు తెలియజేయునదేమనగా, ఈ కుప్ప యందు సోమలింగం నివసించుచున్నది. సోమలింగమునకు కుళ్ళే ఆహారము, కుళ్ళే ఆవాసము. కావున సదరు కుళ్ళును తగ్గించుట, తరలించుట లేక దానిపై అయిష్టత వ్యక్తపరచుట శిక్షార్హము."

లాటిన్ పేరు బోర్డు మీద పట్టలేదని పెయింటరు రెండో మాట ఒక్కటే ఉంచి, దాని తోక కూడా తీసేశాడు. ఊరంతా వచ్చి చదువుకున్నారు. బోటనీ చెప్పి రిటైరైన పరంజ్యోతి మాస్టారు రెండుసార్లు చదివాడు. ముప్పై ఏళ్ళు ఒకే స్టాఫ్ రూములో కూర్చున్న స్నేహం వాళ్ళది. ప్రమోషన్ల దగ్గర ఒకరంటే ఒకరికి పడేది కాదన్నది కూడా నిజమే. "నీ కుళ్ళు సంగతి మాకెప్పట్నుంచో తెలుసు సోమలింగం. గవర్నమెంటుకి ఇప్పటికి తెలిసింది" అని భుజం తట్టి వెళ్ళాడు.

నీలం పూల తెర మళ్ళీ పెట్టెలోకి పోయింది. సత్యవేణి ఏదైనా అంటే బాగుండునని మాస్టారు రెండ్రోజులు ఆవిడ చుట్టూ తిరిగారు. ఆవిడ పోపు వేసింది, దగ్గింది, కళ్ళు తుడుచుకుంది. ఈసారి కిటికీ వైపు చూడలేదు, ఆయన వైపు చూసింది. ఆయనకి సిగ్గనిపించింది. కానీ పుస్తకంలో పేరు గుర్తొచ్చి ఆ సిగ్గు ఎంతోసేపు నిలవలేదు.

నెల తిరిగేసరికి కొత్త చిక్కు వచ్చింది. కుళ్ళేది ఎప్పటికీ కుళ్ళుతూనే ఉండదు కదా. కుప్ప అడుగున చెత్త మాగి, నల్లటి మంచి ఎరువైపోయింది. ఎరువులో ఈ పురుగు ఉండదు. దానికి కుళ్ళుతున్నది కావాలి, కుళ్ళిపోయినది అక్కర్లేదు. ఈ సూక్ష్మం కల్పలతకి ఎవరు చెప్పారంటే, మాస్టారే చెప్పారు. అడిగింది కదా అని అరగంట చెప్పారు. ఆవిడ శ్రద్ధగా రాసుకుని, నిరంతర కుళ్ళు సరఫరా పథకం అని ఒకటి ప్రకటించింది.

ఊళ్ళో అప్పటికి ప్రతి ఇంటికీ రెండు బుట్టలుండేవి, తడి చెత్తకొకటి, పొడి చెత్తకొకటి. ఇప్పుడు మూడోది ఇచ్చారు, నల్లది. కుళ్ళిన చెత్త అందులో వెయ్యాలి. ఇంటింటికీ రోజుకి గుప్పెడు తప్పనిసరి. తీసుకునే ముందు శానిటరీ ఇన్‌స్పెక్టరు వాసన చూసి మూడు తరగతులుగా రాయాలి: సుష్ఠుగా కుళ్ళినది, మధ్యస్థము, ఇంకనూ తినదగినది. తినదగినది తెచ్చినవాళ్ళకి హెచ్చరిక కాగితం. నాలుగో వార్డులో ఒకావిడ ఏ పూట వండింది ఆ పూటే పంచిపెట్టేసే మనిషి, పాపం ఆవిడకి మూడు హెచ్చరికలు వచ్చాయి. బస్టాండు ఎదుటి హోటలుకి మాత్రం వరసగా రెండు నెలలు ఉత్తమ కుళ్ళు ప్రశంసాపత్రం వచ్చింది. అది అద్దం కట్టించి గల్లాపెట్టె పైన తగిలించాక ఆ హోటల్లో జనం తగ్గారు.

అందరికన్నా ధనరాజుని చూస్తే జాలేసేది. ఇరవై ఆరేళ్ళు ఊళ్ళో కుళ్ళు వాసన లేకుండా చెయ్యడమే ఉద్యోగం అతనికి. ఇప్పుడు పొద్దున్నే నల్లబుట్టలో తల పెట్టి, బాగుందని సంతకం చెయ్యాలి. ఓ రోజు మాస్టారి అరుగు మీద కూలబడ్డాడు. "ఆయ్, ఏం చెప్పమంటారు మాస్టారూ. నిన్న మా ఆవిడ గుమ్మెత్తిపోయేలా పులుసు పెట్టిందండి. వాసన చూసి, మధ్యస్థం అన్నానండి. నాకు తెలీకుండానే వచ్చేసిందండి ఆ మాట. విస్తరి లాగేసిందండి" అన్నాడు. మాస్టారు నవ్వలేదు. అంతా తన పేరు మీదే జరుగుతోంది మరి.

పథకానికి శాస్త్రీయత ఉండాలని మాస్టారిని గౌరవ కుళ్ళు సలహాదారుగా నియమించారు. శాలువా కప్పారు. గేటుకి ఇత్తడి పలక బిగించారు. ఆయన వద్దంటే వద్దన్నారని చెప్పుకుంటారు గానీ, పలక సరిగ్గా కనిపించడం లేదని రాధామనోహరం తీగ కత్తిరించినవాడు కూడా ఆయనే. పదకొండేళ్ళు అర్జీలు రాసిన చేతికే ఇప్పుడు అర్జీలు వచ్చి పడసాగాయి. మా కుళ్ళు ఎందుకు తిరస్కరించారని ఒకరు, మా వార్డుకీ ఒక కుప్ప మంజూరు చెయ్యండని ఇంకొకరు. ఆయన హాల్లో బల్ల వేసుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి జరుపుకుని, ఒక్కొక్క దాని మీదా ఒక ముక్క రాసి సంతకం పెట్టేవారు. ఆ పనిలో ఒక సుఖం ఉందని ఆయనకి తెలిసొచ్చింది. నలభై రెండుసార్లు తనకెందుకు జవాబు రాలేదో కూడా అప్పుడే అర్థమైంది.

ఒకనాడు ఆ దొంతరలో ఒక కాగితం. గుండ్రటి అక్షరాలు. "గౌరవ కుళ్ళు సలహాదారు వారి సముఖమునకు, విన్నపము. నా వంటింటి కిటికీ తెరుచుకొనుటకు అనుమతి ఇప్పించవలెను. పోపు పొగకు ఊపిరి ఆడుట లేదు. ఇట్లు, సత్యవేణి." కింద ఈగ బొమ్మ వేసి భాగాలు గుర్తించింది కూడా.

మాస్టారు చివరిదాకా చదవలేదు. చెయ్యి దానంతటదే ఆడింది. పరిశీలనలో ఉన్నది అని రాసి, సంతకం పెట్టి, పక్కన పెట్టేసి తర్వాతి కాగితం తీసుకున్నారు. మధ్యాహ్నం వంటింట్లోకి మంచినీళ్ళకి వెళితే, ఆ కాగితం మూసిన కిటికీకి మేకుతో కొట్టి ఉంది. తన సంతకం చూసుకుని అలాగే నిలబడిపోయారు. బతుకులో ఆయనకి తన మీద తనకి అంత అసహ్యం ఎప్పుడూ వెయ్యలేదు. సత్యవేణి చెంబుతో నీళ్ళిచ్చి, భోజనం పరిశీలనలో ఉంది, ఓ పావుగంట కూర్చోండి అంది.

ఆయన అప్పుడే పలక పీకేసి ఉంటే మంచిదే. పీకుదామనే గేటు దాకా వెళ్ళారు కూడా. ఎదురుగా జీపు ఆగింది, కల్పలత మొహం వెలిగిపోతోంది. మండలి అధ్యక్షులవారు వచ్చే నెల మొదటి శుక్రవారం స్వయంగా వచ్చి ఆవాసాన్ని జాతికి అంకితం చేస్తారట. మాస్టారు మాట్లాడాలట. ఇంతా విని పలక పీకడం మర్యాద కాదని ఆయన సర్దుకున్నారు.

అధ్యక్షులవారు వస్తున్నారంటే ఆ చోటు శుభ్రంగా ఉండాలి. ఇది ఏ ఆఫీసులోనైనా రాయకుండా ఉన్న రూలు. ఆయనకి కంపు పడదని ముందే కబురొచ్చింది. కుప్ప ఉండాలి, కంపు ఉండకూడదు. కల్పలత రెండ్రోజులు ఆలోచించి దారి కనిపెట్టింది. అసలు కుప్పని మొత్తం ఊరి బయటికి తరలించి, అదే కొలతలకి సిమెంటు కుప్ప కట్టించింది. అరటి తొక్కలు, కొబ్బరి చిప్పలు, వంకాయ తొడిమలు అన్నీ సిమెంటులోనే చేసి రంగులేయించింది. కాగితాల్లో దానికి శాశ్వత కుప్ప అని పేరు. బోర్డులో తరలించుట శిక్షార్హము అని ఉంది కదండీ అని మాస్టారు గుర్తుచేశారు. తరలించింది చెత్తని మాత్రమే, ఆవాసాన్ని ఇక్కడే ఉంచామని ఆవిడ జవాబు చెప్పింది.

ధనరాజుకి పండగే అయింది. ఆర్నెల్ల తర్వాత తన పని తనకి దొరికింది. బ్లీచింగ్ పౌడర్ బస్తాలకి బస్తాలు చల్లాడు, సున్నం గీతలు గీశాడు, ఫినాయిలు పోశాడు. పాట కూడా పాడుకున్నాడు.

ఇక ఆ రోజు ఆవిష్కరించడానికి ఒక విగ్రహం కూడా కావాలి. లంకమెట్టలో విగ్రహాలు చేసే శిల్పి ఒక్కడే, అతను ఇంతవరకూ నాయకుల్ని తప్ప చెయ్యలేదు. సోమలింగం విగ్రహం, దూడంత ఎత్తు, ఆరు కాళ్ళు, రెండు మీసాలు, నల్లటి వీపు అని అతనికి ఆర్డరు వెళ్ళింది. మొహం తెలియడానికి ఫోటో కావాలన్నాడు. మండలి గుమాస్తా ఫైలు తిరగేస్తే సోమలింగం పేరు మీద ఒక్కటే ఫోటో దొరికింది, సలహాదారు నియామకానికి మాస్టారు ఇచ్చిన పాస్‌పోర్టు సైజుది.

శుక్రవారం ముసుగు తీశారు. నల్లటి వీపు, ఆరు కాళ్ళు, బట్టతల, కళ్ళజోడు. మీసాలు మాత్రం చెప్పినట్టే రెండూ పొడుగ్గా పైకి లేచి ఉన్నాయి. జనం ముక్కున వేలేసుకున్నారు, ఈసారి కంపు వల్ల కాదు. అధ్యక్షులవారు పురుగుని ఎన్నడూ చూసినవారు కాదు గనక తలపంకించి, జీవకళ ఉట్టిపడుతోందని మెచ్చుకున్నారు. పూలదండ వేశారు. ఎవరో అగరొత్తులు వెలిగించారు. మాస్టారు తన మెడలో దండ పడుతుంటే తనే చప్పట్లు కొట్టారు.

అసలు పురుగు ఏమైందని నాలుగు రోజులు ఎవరికీ తోచలేదు. మంగళవారం మండలి నుంచి లెక్కింపు బృందం దిగింది. సిమెంటు తొక్కలు ఎత్తబోయారు, రాలేదు. బ్లీచింగ్ మట్టి జల్లెడ పట్టారు. ఊరి బయట పోసిన చెత్త అప్పటికే తగలబడి బూడిదై ఉంది. సాయంత్రానికి ఒక ఫారం మీద సున్న చుట్టి కల్పలత చేతిలో పెట్టి వెళ్ళిపోయారు.

బుధవారం పొద్దున సత్యవేణి, కంపు ఎలాగూ లేదు కదా, ఈ కిటికీ ఓసారి తొయ్యండి అంది. అర్జీ సంగతి ఎత్తలేదు. మాస్టారు భుజం ఆనించి తోశారు. ఉబ్బిపోయిన రెక్కలు మూలిగి తెరుచుకున్నాయి. గాలి ఒక్కసారిగా లోపలికొచ్చింది. కాలవ కనిపించింది. మధ్యలో విగ్రహం వీపు కూడా కనిపించింది, అది వేరే సంగతి. తోసిన ఊపుకి అడుగు చెక్క పొడిపొడిగా రాలి ఆయన అరచేతిలో పడింది. ఆ పొడిలో ఏదో కదిలింది.

భూతద్దం జేబులోనే ఉంది. నల్లటి వీపు, రెండు మీసాలు, ఈకలాంటి రెక్కలు. ఒకటి కాదు, ఏడెనిమిదున్నాయి. బ్లీచింగ్ దెబ్బకి పారిపోయి, దగ్గర్లో మిగిలిన ఒకే ఒక్క కుళ్ళులోకి వచ్చి చేరాయి.  తనకి కలిగింది సంతోషమో భయమో మాస్టారికే తెలియలేదు. సరిగ్గా అప్పుడే వీధిలో జీపు హారను వినిపించింది. గుప్పిట మూసి హాల్లోకి వచ్చారు.

కల్పలత మొహం పీక్కుపోయి ఉంది. సున్న మీద సంజాయిషీ అడిగారట. ఒక్క పురుగు చూపిస్తే చాలట, ఆవిడ ఉద్యోగం నిలబడుతుంది. ఎక్కడున్నా సరే, ఆ చోటుని ఆ క్షణం నుంచి రక్షిత ఆవాసంగా ప్రకటిస్తానంది. ఇల్లయినా, గుడయినా, వంటిల్లయినా సరే. తలుపులూ కిటికీలూ సీలు వేసి, అందులోని మనుషులకి వేరేచోట వసతి చూపిస్తారట. ఒక్కటీ లేకపోతే జాతి అంతరించిందని రాయక తప్పదు.

"మీ పేరు మాస్టారూ. పుస్తకంలో దాని పక్కన అంతరించిందని చుక్క పెట్టేస్తారు. నిజం చెప్పండి, ఇంకెక్కడైనా చూశారా?" అంది.

గుప్పిట్లో చక్కిలిగింతలు పెడుతున్నాయి. మాస్టారు నోరు తెరవబోయారు. తన పేరు ఒక్కసారి గట్టిగా చెప్పేయాలని ఆయన ఒళ్ళంతా ఆరాటపడింది. అంతలో వంటింట్లోంచి ఆవాలు చిటపటమన్నాయి. ఎండుమిరపకాయలు పడ్డ చప్పుడు వినిపించింది. ఘాటు హాల్లోకి సన్నగా వచ్చింది. పదకొండేళ్ళ అలవాటు కొద్దీ ఆయన దగ్గు కోసం ఆగారు. కల్పలత పెన్ను పట్టుకుని ఆగింది. దగ్గు రాలేదు. కాసేపటికి సత్యవేణి ఏదో కూనిరాగం తీయడం వినిపించింది. ఆవిడకి పాట వచ్చన్న సంగతే మాస్టారు మర్చిపోయి చాలాకాలమైంది.

"లేదండి. ఎక్కడా లేదు" అన్నారు.

ఆవిడ ఫారం మీద రాసుకుని, కళ్ళొత్తుకుని వెళ్ళిపోయింది. ఆవిడ ఉద్యోగానికేమీ కాలేదు. అంతరించిన ప్రాణుల స్మారక విభాగం అని కొత్తది పెట్టి, దానికి బదిలీ చేశారు. అక్కడ పని చాలా ఎక్కువట.

మాస్టారు వంటింట్లోకి వెళ్ళి గుప్పిట విప్పి చూపించారు. సత్యవేణి ఒక్క మాటా అడక్కుండా పాత కుండ ఒకటి తెచ్చి, అరటి తొక్కలూ కాయగూరల చెక్కూ అందులో వేసి, పొడితో సహా పురుగుల్ని దులిపి, మల్లెపాదు వెనక పెట్టింది. రోజూ తరిగిన తొక్కలు అందులో వేస్తూ, మీవాళ్ళకి భోజనం పెట్టేశాను అని చెబుతుంది.

పేపర్లో మాత్రం పెద్ద అక్షరాలతో వేశారు, సోమలింగం ఇక లేదు అని. కంపోజింగులో చిన్న పొరపాటు జరిగి లేదు కాస్తా లేరు అయింది. పొద్దున్నే ఇద్దరు పాత విద్యార్థులు కళ్ళనీళ్ళతో వచ్చి, తలుపు తీసిన మాస్టారిని చూసి హడలిపోయారు. ఆదివారం విగ్రహం దగ్గర సంతాపసభ పెట్టారు. మృతుని తరఫు బంధువుగా మాస్టారికి ముందు వరసలో కుర్చీ వేశారు. పరంజ్యోతి మైకు పట్టుకుని, ఎంత కుళ్ళున్నా సోమలింగం వల్ల ఎవరికీ హాని జరగలేదని గద్గదంగా అన్నాడు. స్నేహితుడి గొంతు నిజంగానే వణికింది. అందరూ లేచి రెండు నిమిషాలు మౌనం పాటించారు. మాస్టారూ లేచి నిలబడ్డారు. నోటిదాకా వచ్చిన మాటని ఆయన అప్పుడూ మింగేశారు, ఆ తర్వాతా ఎవరితోనూ అనలేదు. అంతకుముందు ఏ విషయంలోనూ ఆయన అంతసేపు నోరు మూసుకున్నది లేదు.

ఇంటికొచ్చి వంటింట్లోకి వెళ్ళారు. కిటికీకి నీలం పూల తెర కట్టి ఉంది. పక్కన గోడకి ఆ అర్జీ ఇంకా మేకుకే వేలాడుతోంది, గాలికి రెపరెపలాడుతోంది. ఆయన పెన్ను తీసి, పరిశీలనలో ఉన్నది అన్నదాన్ని కొట్టేసి, అనుమతించడమైనది అని రాశారు. కింద సంతకానికి చోటు చూసుకుంటున్నారు. సత్యవేణి పొయ్యి మీద మూకుడు పెట్టి వెనక్కి తిరిగింది.

"తెరిచి నాలుగు రోజులైంది. అయినా పోయినవాళ్ళ సంతకం చెల్లదండి" అంది. "బయట ఒక సోమలింగం ఎలాగూ అడ్డంగా ఉన్నాడు. మీరైనా పక్కకి జరగండి, గాలి రానివ్వండి."